ఫనిక మార్చి పెట్టిన దీపాలు

ఫనిక దొంగ అని మా ఊళ్ళో ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. అననీండి. నోరుంది, అంటారు. వాళ్ళ నోళ్ళు మూయించడానికి కాదు నేనిది చెప్పడం. ఆవిడ విషయంలో తప్పు చేసినదాన్ని నేను. ఆ మాట ఎవరో ఒకరితో చెప్పుకోకపోతే నాకు తిండి సయించడం లేదు.

ముప్పై నాలుగేళ్ళు ఈ సవిన్య లోయలో ఇంటింటికీ తిరిగే నర్సు ఉద్యోగం చేశాను. బాలింతలకి బిడ్డని ఎలా పట్టుకోవాలో నేర్పాను, మంచాన పడ్డవాళ్ళ పుళ్ళు కడిగాను, తాగి పడిపోయినవాళ్ళని తిట్టి లేపాను. రిటైరయ్యాక కూడా ఊరంతా నన్ను సిస్టరమ్మ అనే పిలుస్తుంది. నా అసలు పేరు అగాత అని మా ఆయనకైనా గుర్తుందో లేదో. రిటైరైన ఏడాదికి పట్నం నుంచి ప్రాసిక్యూటరు ఆఫీసువాళ్ళు పిలిచి, "మీకు అందరూ తెలుసు కదా, రాజీ కుదిర్చే పని చేస్తారా?" అని అడిగారు. మా స్లొవేనియాలో ప్రతి చిన్న నేరాన్నీ కోర్టుకి లాగరు. కోపంలో పక్కింటివాడి చెంప పగలగొట్టినవాడు, కంచె విరగ్గొట్టినవాడు, ఇలాంటివాళ్ళ ఫైలు ముందు మాలాంటివాళ్ళ దగ్గరికి వస్తుంది. రెండు వైపులా ఒప్పుకుంటే ఎదురెదురుగా కూచోబెట్టి మాట్లాడిస్తాం. మాట కుదిరితే కాగితం రాసి సంతకాలు పెట్టిస్తాం. మూడు నెలలు ఆ కాగితం ప్రకారం నడుచుకుంటే కేసు లేదు, పేరు మీద మచ్చ లేదు. మాట తప్పితే ఫైలు వెనక్కి పోతుంది, ఇక కోర్టే దిక్కు.

ఏడేళ్ళలో నూట పన్నెండు ఫైళ్ళు చూశాను. తొంభై దాకా రాజీ అయ్యాయి. గర్వంగా ఉండేది, ఎందుకు దాచుకోవాలి? ఫైలు వెనక్కి పంపాల్సి వస్తే నాకు తల కొట్టేసినట్టుండేది.

నూట పదమూడో ఫైలు తెరిచి పేరు చూసి, గట్టిగా నవ్వేశాను. ఫనికేమిటి, దొంగతనమేమిటి!

ఫనిక కొండ మీది గూడెంలో పుట్టింది, ఏడుగురిలో ఆఖరిది. పదకొండో ఏట నుంచీ హాప్స్ కోతకి వెళ్ళేది. బీరులో వేసే ఆ పూలు కోసి కోసి, వేళ్ళు నల్లబడి, చేదు పట్టి ఉండేవి. బ్రెడ్డు ముక్క చేత్తో తుంచుకుంటే బ్రెడ్డు కూడా చేదుగా ఉండేదని చెప్పి నవ్వేది. తర్వాత మేజోళ్ళ ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క సంవత్సరాలు మడమలు కుట్టింది. ఈ లోయలో ఒక కాలంలో అందరి మడమలూ ఫనిక కుట్టినవే. ఫ్యాక్టరీ మూసేసిన రోజున అందరూ ఏడుస్తుంటే తను మాత్రం మిషను తుడిచి, గుడ్డ కప్పి వచ్చింది. "ఎవరొస్తారే, ఎవరికోసం తుడిచావు?" అంటే, "మురికిగా వదిలేసి వస్తే బాగుండదు కదా" అంది.

మొగుడు లుద్విక్ కప్పు మీద పెంకులు సర్దుతూ జారిపడి పోయాడు. అప్పటికి ఆవిడ కడుపుతో ఉంది, నలభయ్యో ఏట. ఆ కాన్పు తర్వాత ఆర్నెల్లు నేనే వెళ్ళాను వాళ్ళింటికి. ఇజిదోర్ అని పేరు పెట్టింది. బొద్దుగా, ఎర్రగా, ఎవరెత్తుకున్నా నవ్వేవాడు. ఆవిడ వాణ్ణి చూసే చూపు చూస్తే, దిష్టి తగులుతుందేమోనని నాకే భయం వేసేది.

వాడికి ఇరవై రెండేళ్ళప్పుడు, హాప్స్ కోత అయిపోయిన రోజు విందులో మూడు గ్లాసులు తాగాడు. ఇంటికి బయల్దేరుతుంటే తదేయ అనే పిల్ల, "నన్ను కూడా దింపెయ్యవా?" అని కారెక్కింది. తదేయ, వింకో రొమానాల కూతురు. పంతొమ్మిదేళ్ళు. రొమానా బడి వంటగదిలో పనిచేస్తుంది, వింకో వడ్రంగి, ఆదివారాలు వేటకి పోతాడు. ఒక్కతే కూతురు. కారు వంతెన గోడకి గుద్దుకుంది. ఇద్దరూ అక్కడికక్కడే పోయారు.

ఒకే శ్మశానంలో పెట్టారు. ఇంకెక్కడ పెడతారు? ఊరికి ఉన్నదొక్కటే. తదేయది చర్చి పక్కన నల్లరాతి సమాధి. ఇజిదోర్‌ది అటు చివర, వాడిపోయిన పూలు పారేసే గోడ పక్కన, లుద్విక్ పక్కనే. మధ్యలో తొమ్మిది వరసలు.

మా ఊళ్ళో సమాధి మీద దీపం లేకపోతే అది ఇంటికి పరువు తక్కువ. ఎర్ర డబ్బాలో మైనం పోసి, పైన రేకు మూత పెట్టిన దీపాలు శ్మశానం గేటు దగ్గరి పూలకొట్లో దొరుకుతాయి. మూడు నాలుగు రోజులు వెలుగుతాయి. రొమానా ప్రతి బుధవారం, శనివారం సాయంత్రం ఐదింటికి వచ్చి కూతురి మీద దీపం పెట్టి వెళ్తుంది. పిల్లలు పోయిన మొదటి ఏడు, ఫనిక కూడా తదేయ సమాధి మీద ఓ దీపం తీసుకెళ్ళి పెట్టింది, అందరూ చూస్తుండగానే. రొమానా దాన్ని తీసి చెత్తలో పారేసింది. "నీ ఇంటి దీపం నా బిడ్డ మీద వెలగడానికి వీల్లేదు! నీ కొడుకు చంపింది చాలదా?" అని ఒంటికాలి మీద లేచింది. ఫనిక తలొంచుకుని వెళ్ళిపోయింది. తర్వాత మళ్ళీ పెట్టలేదు. అలా అనుకున్నాం మేమంతా.

తొమ్మిదేళ్ళ తర్వాత, పోయిన ఆగస్టులో, రొమానా చేతిలోంచి ఓ దీపం మెట్టు మీద జారిపడి మూత సొట్టపోయింది. పోనీలే అని దాన్నే వెలిగించి వెళ్ళింది. మర్నాడు చర్చికి వచ్చి చూస్తే మూతకి సొట్ట లేదు. లోపల మైనం చూస్తే కరగాల్సినంత కరగలేదు. ఇంటికెళ్ళి మొగుడితో చెబితే, "దీపం కరగడం మానేసి పెరుగుతోందా? ఆ మైనం ఏదో మనకీ ఇమ్మను, ఇంట్లో వాడుకుందాం" అని వింకో హాస్యమాడాడు. కానీ అడివిలో దుప్పుల్ని చూడ్డానికి చెట్టుకి కట్టే కెమెరా తెచ్చి సమాధి పక్కన పొదకి కట్టాడు.

ఫైల్లో ఆ ఫోటోలు మూడున్నాయి. మొదటిదాంట్లో ఫనిక తదేయ సమాధి ముందు మోకాళ్ళ మీద ఉంది. రెండోదాంట్లో వెలుగుతున్న దీపాన్ని అరచెయ్యి అడ్డం పెట్టి పట్టుకుపోతోంది. మూడోదాంట్లో ఫనిక లేదు, సమాధి మీద ఇంకో దీపం వెలుగుతోంది, అచ్చం అలాంటిదే. సమాధి దగ్గర దొంగతనం, సమాధిని అవమానించడం అని రొమానా పోలీసులకి ఫిర్యాదు ఇచ్చింది.

ప్రాసిక్యూటరమ్మ చిన్నపిల్ల, ఫోన్లో తల పట్టుకుంది. "సిస్టరమ్మా, ఇది దొంగతనమో కాదో నాకే తెలియడం లేదు. తీసింది, కొత్తది పెట్టింది. దొంగలెవరైనా ఇలా చేస్తారా? కోర్టుకి పోతే ముసలావిడ పరువు పోతుంది. మీరే ఏదో ఒకటి తేల్చండి."

తేల్చడానికి ముందు ఫనిక ఇంటికి వెళ్ళాను. కాఫీ కాచి ఇచ్చింది. కాళ్ళు వాచి ఉన్నాయి, చెప్పుల పట్టీలు పట్టడం లేదు. నర్సుని కదా, వేలితో నొక్కి చూశాను. గుంట పడి అలాగే ఉండిపోయింది.

"మందులు వేసుకుంటున్నావా, అక్కా?"

"వేసుకుంటున్నాలే. నువ్వు కాళ్ళ కోసం రాలేదు కదా, సిస్టరమ్మా. అడగవలసింది అడుగు."

వంటింటి పక్క అరలో ఎర్ర దీపాలు వరసగా పేర్చి ఉన్నాయి. అటు చూపిస్తూ కసిరాను. "ఇన్ని ఇంట్లో పెట్టుకుని ఆవిడది ఎందుకు తీశావు? నీకు మతి పోయిందా?"

ఫనిక కప్పు పక్కకి జరిపింది. "మావాడు చీకట్లో ఉన్నాడు, సిస్టరమ్మా. నేనెన్ని పెట్టినా నా దీపాలు వాడికి అందవు. తల్లి పెట్టేది లెక్కలోకి రాదు, తల్లి ఎలాగూ పెడుతుంది. ఆ ఇంటి నుంచి వస్తేనే వాడికి వెలుగు. వాళ్ళు ఇవ్వరు. అందుకని..."

"అందుకని తొమ్మిదేళ్ళా?"

"బుధవారం, శనివారం. ఆవిడ ఐదింటికి వచ్చి వెళ్ళిపోయేది, నేను ఆరింటికి వెళ్ళేదాన్ని. ఆ పిల్లని ఒక్క నిమిషం కూడా చీకట్లో ఉంచలేదు. ముందు నాది వెలిగించి పెట్టి, తర్వాతే ఆవిడది తీసేదాన్ని. ఒట్టు."

అలాంటి పిచ్చి నమ్మకం మా ఫాదర్ వింటే ఏమనేవాడో! కానీ ఆవిడకి అది పిచ్చి కాదు. వెర్రి తల్లి, తొమ్మిదేళ్ళపాటు క్షమాపణని దొంగిలించుకుంటూ బతికింది. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. కాఫీ వదిలేసి వచ్చేశాను.

అక్టోబరు ఇరవై తొమ్మిదిన ఫైరింజను షెడ్డు పైగదిలో ఇద్దర్నీ కూచోబెట్టాను. రొమానాతో వింకో కూడా వచ్చి, టోపీ చేతుల్లో నలుపుతూ కూచున్నాడు. ఫనిక ఆదివారం కోటు వేసుకొచ్చింది.

నేను మొదలుపెట్టకముందే రొమానా అందుకుంది. "తొమ్మిదేళ్ళు! ప్రతి దీపం నేను ముద్దు పెట్టుకుని వెలిగించేదాన్ని, సిస్టర్! అది తీసుకెళ్ళి వాడి మీద పెట్టింది, నా బిడ్డని చంపినవాడి మీద! నా బిడ్డ మీదేమో ఈవిడ దీపం! ఇన్నాళ్ళూ నేను ఎవరి దీపం ముందు నిలబడి ఏడ్చాను? చెప్పండి!"

"నీ దీపాన్ని ఒక్కరోజు కూడా ఆరనివ్వలేదమ్మా" అంది ఫనిక మెల్లగా. "వానలో కూడా కోటు కింద పెట్టుకుని తీసుకెళ్ళాను. ముందు నాది పెట్టి, తర్వాతే నీది తీసేదాన్ని."

"నేను ఎవరికోసం పెట్టానో వాళ్ళ దగ్గర వెలగాలి నా దీపం!"

"నిజమే, తల్లీ."

"నిజమే అంటావేంటి! మరెందుకు తీశావు?"

"నువ్వు ఇవ్వవు కనక."

కింద ఎవరో ఫైరింజను కడుగుతున్న నీళ్ళ చప్పుడు వినపడుతోంది. ఫనిక రెండు చేతులూ బల్ల మీద పెట్టింది.

"ఒక్కటి ఇయ్యి, రొమానా. నీ చేత్తో ఒక్కటి. వాడి మీద పెట్టక్కర్లేదు, నా చేతికియ్యి చాలు. తర్వాత నన్ను కోర్టుకి లాగు, జైల్లో పెట్టించు, ఏం చేసినా సరే. నేను పోయేలోగా ఒక్కటి."

"నా చెయ్యి విరిగి పడినా ఇవ్వను" అంది రొమానా.

వింకో "రొమానా..." అని ఏదో అనబోయాడు. "నువ్వు నోరు ముయ్యి" అందావిడ. మూసేశాడు.

ఇక నేను నా పని చేశాను. చాలా బాగా చేశాను, నా మొహం! ఫనిక చేతిరాతతో క్షమాపణ రాసివ్వాలి. మూడు నెలలు తదేయ సమాధి దగ్గరికి వెళ్ళకూడదు. "తనొక్కదానికేనా షరతు? న్యాయం రెండువైపులా ఉండాలి" అని, నేను ప్రతి ఫైల్లోనూ రాసే మాట ఇందులోనూ రాశాను: ఒకరి సమాధి దగ్గరికి ఒకరు పోకూడదు, అక్కడ ఏదీ పెట్టకూడదు, తీయకూడదు. ఒకరింటికి ఒకరు వెళ్ళకూడదు, మాట్లాడుకోకూడదు. ఏమైనా ఉంటే నా ద్వారానే. కుక్కల తగాదాలకీ, కంచెల తగాదాలకీ రాసి రాసి చేతికి అలవాటైపోయిన మాటలు. వీళ్ళకి సరిపోతాయా లేదా అని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

సంతకాలయ్యాయి. మెట్లు దిగుతుంటే ఫనిక నా చెయ్యి పట్టుకుంది. "మూడు నెలలంటే జనవరి ఇరవై తొమ్మిది కదా? ఆ తర్వాత మళ్ళీ అడగొచ్చా ఆవిణ్ణి?"

"అడుగు. ఎవరొద్దన్నారు?"

"అప్పటిదాకా ఉంటాలే" అంది. ఊపిరి అందక రెండు మెట్లకోసారి ఆగుతూ దిగింది. అది కూడా చూశాను. చూసి, కాగితాలు సంచీలో సర్దుకుంటూ వెళ్ళిపోయాను.

నవంబరు ఒకటిన, సమాధుల పండగ రోజు, శ్మశానం కిక్కిరిసిపోయింది. చామంతులు, దీపాలు, కొత్త కోట్లు. రొమానా వాళ్ళ నల్లరాయి మీద నలభై దీపాలుంటాయి. అటు చివర ఫనిక ఒక్కతే, తను పెట్టిన దీపం ఒక్కటే. జనం అటు చూసి గుసగుసలాడుకుంటున్నారు. ఆవిడ గోడ వైపు తిరిగి నిలబడింది. నేను వెళ్ళి పక్కన నిలబడదామనుకున్నాను. కానీ రాజీ కుదిర్చేవాళ్ళు ఎటో ఒకవైపు మొగ్గకూడదు. మా ఆయన పక్కనే ఉండిపోయాను. రొమానా మాత్రం ఫాదర్ ప్రార్థన చదువుతున్నంతసేపూ ఆ చివరికే చూస్తూ ఉండడం గమనించాను.

క్రిస్మస్ మర్నాడు రొమానా మా ఇంటికొచ్చింది, వాల్‌నట్లు పెట్టి చుట్టిన రొట్టె పట్టుకుని. కాఫీ తాగింది, మా ఆయన మోకాళ్ళ గురించి అడిగింది, ఎంతకీ లేవదు. చివరికి నేనే అన్నాను. "ఏమిటో చెప్పమ్మా. రొట్టె కోసమైతే గుమ్మంలోనే ఇచ్చి పోయేదానివి."

"అక్కడ ఇప్పుడు నా దీపాలే ఉంటున్నాయి, సిస్టర్. మొదట్లో హాయిగా అనిపించింది." తల వంచుకుంది. "ఆ మొదటి ఫోటో మీరు సరిగ్గా చూశారా? మోకాళ్ళ మీద కూచుని ఏం చేస్తోందో చూశారా? రాతి మీద రాలిన ఆకులు చేత్తో తుడుస్తోంది. కోటు చేతులతో తదేయ పేరు తుడుస్తోంది. మా అత్తగారు ఏ రోజూ ఓ ఆకు తీసింది లేదు. నేను వెళ్ళేసరికి ఎప్పుడూ శుభ్రంగా ఉండేది కదా, గాలికే పోతున్నాయనుకున్నాను. ఇప్పుడు ఆకులు అలాగే ఉంటున్నాయి."

నేను ఆవిడ కప్పులో ఇంకాస్త కాఫీ పోశాను.

"క్షమించడం నా వల్ల కాదు. అది అడక్కండి. కానీ ఒకటి ఇచ్చేస్తాను. చేత్తోనే ఇస్తాను." సంచీలోంచి ఎర్ర దీపం తీసి బల్ల మీద పెట్టింది. "ఇప్పుడే పోదాం. మీరు తోడు రండి, ఒక్కదాన్నే వెళ్ళలేను."

అదిగో, అప్పుడు లేచి కోటు వేసుకుని ఉంటే! పదిళ్ళ అవతల ఫనిక ఇల్లు. కానీ నేను ఏమన్నానో తెలుసా? "వద్దు" అన్నాను.

"ఇంకా నెల ఉంది, రొమానా. ఒకరింటికి ఒకరు వెళ్ళకూడదని సంతకం పెట్టారు మీరు. ఇప్పుడు వెళ్తే కాగితం తప్పినట్టు. ఫైలు వెనక్కి పోతే కోర్టు మెట్లెక్కేది ఫనికే, నువ్వు కాదు. ఆవిడ పేరు చెడిపోతుంది."

"ఎవరు చూస్తారు, సిస్టర్?"

"నేను చూస్తాను కదా! చూసి చూడనట్టు నేను రాయలేను. ఇరవై తొమ్మిదో తారీఖున నేనే నిన్ను తీసుకెళ్తాను. ఇన్నాళ్ళు ఆగావు, నెల ఆగలేవా?"

రొమానా దీపం తిరిగి సంచీలో పెట్టుకుంది. మేం ఎలాంటివాళ్ళమంటే, కాగితం మీద రాసి ఉంటే ఇక దానికి తిరుగు లేదు. ఆవిడా అలాంటిదే, నేనూ అలాంటిదాన్నే. పట్నానికి ఫోన్ చేసి అడగొచ్చు. పండగ సెలవులు, మూడో తారీఖుదాకా ఆఫీసు లేదు. మూడో తారీఖున మా మనవడికి జ్వరం. తర్వాత, ఇంకెంత, మూడు వారాలే కదా అనుకున్నాను. ఆ దిక్కుమాలిన ఫోన్ చెయ్యనేలేదు.

జనవరి ఎనిమిదిన ఫనికని కొట్టు దగ్గర చూశాను. మొహం ఉబ్బి, పెదాలు నీలంగా ఉన్నాయి. ఆస్పత్రికి పొమ్మని తిట్టాను. "వెళ్తాలే, ఇరవై తొమ్మిది అవనీ. ఈలోగా వాళ్ళు పడుకోబెట్టేస్తే మళ్ళీ ఎప్పుడడుగుతాను?" అంది. "ఆవిడ ఇస్తుందంటావా, సిస్టరమ్మా?"

నాలిక చివరిదాకా వచ్చింది. సంచీలో దీపం పెట్టుకుని తిరుగుతోంది, ఇస్తుంది అని చెప్పేద్దామనిపించింది. ఒకరి మాట ఒకరికి మోస్తే నియమం తప్పినట్టవుతుందని, "చూద్దాం, అక్కా" అన్నాను. అంతే. అదే ఆవిడతో నేను మాట్లాడిన ఆఖరి మాట.

పంతొమ్మిదో తారీఖు రాత్రి పొరుగువాళ్ళు పిలిస్తే వెళ్ళాను. వంటింట్లో కుర్చీలోనే పోయింది, కోటు వేసుకుని, బూట్లలోకి సగం కాలు పెట్టి. బుధవారం అది. గోడ మీద ఫైరింజనువాళ్ళు పంచిన కొత్త కాలెండరు వేలాడుతోంది. ఇరవై తొమ్మిది చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి ఉంది. ముప్పై ఏళ్ళలో ఎన్ని శవాలకి స్నానాలు చేయించానో, చెయ్యి వణకలేదు. ఆవేళ గుండీలు విప్పడానికి కూడా నాకు చేతకాలేదు. నేల మీద కూచుని వెక్కి వెక్కి ఏడ్చాను.

అంత్యక్రియలకి తొమ్మిది మందిమి వచ్చాం. నేల గడ్డకట్టి, తవ్వినవాళ్ళు పొద్దున్నించీ అవస్థపడ్డారు. ఇజిదోర్ పక్కనే గొయ్యి. ఫాదర్ తొందరగా ముగించి వెళ్ళిపోయాడు. అందరూ వెళ్తుంటే గేటు దగ్గర రొమానా, వింకో నిలబడి ఉన్నారు. రొమానా చేతిలో అదే సంచీ.

"లోపలికి రావచ్చా?" అని నన్నడిగింది. "ఇంకా వారం ఉంది."

దేవుడా! ఆ మాటకి నాకు చచ్చిపోవాలనిపించింది. "రామ్మా, రా. ఇంకేం కాగితం" అన్నాను.

వింకో జేబులోంచి మడతలు పెట్టిన తన ప్రతి తీశాడు. అతను మంచివాడు, నన్ను దెప్పాలని కాదు, తనకి అర్థంకాక అడిగాడు. "సిస్టర్, రాత్రి మళ్ళీ చదివాను. ఇక్కడ, ఏమైనా ఉంటే మీ ద్వారానే అని ఉంది కదా. మరి ఆ దీపం ఆవేళ మీ చేతికిచ్చి పంపితే సరిపోయేది కాదా?"

నేనే రాశాను ఆ మాట. నూట పదమూడుసార్లు రాశాను. నా ద్వారానే అని రాసింది దేనికి? ఇలాంటిది మొయ్యడానికే! రొమానా బల్ల మీద దీపం పెట్టినప్పుడు, అది అందుకుని పదిళ్ళు నడిస్తే చాలు, ఏ నియమమూ తప్పేది కాదు. కొట్టు దగ్గర "ఇస్తుంది, అక్కా" అన్నా తప్పేది కాదు. కాగితం ఆపలేదు ఆ దీపాన్ని, నేను ఆపాను. వింకో నా మొహం చూసి కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నాడు.

రొమానా తిన్నగా ఫనిక దగ్గరికి పోలేదు. ముందు కూతురి సమాధి దగ్గరికి వెళ్ళి, దీపాన్ని ముద్దు పెట్టుకుని, వెలిగించి, రాతి మీద పెట్టింది. కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత దాన్ని చేతిలోకి తీసుకుని, అరచెయ్యి అడ్డం పెట్టుకుని, తొమ్మిది వరసలూ దాటి నడిచింది. తల్లీకొడుకుల మధ్య పచ్చిమట్టి మీద పెట్టింది. ఏడవలేదు. నేనే ఏడ్చాను, సిగ్గు లేకుండా.

లేచి మోకాళ్ళ మట్టి దులుపుకుంటూ, "ఇప్పుడు అక్కడ ఖాళీగా ఉంది" అంది. "ఆవిడ ముందు తనది పెట్టి, తర్వాత నాది తీసేదాన్నని ఆవేళ చెప్పింది కదా."

ఫనిక ఇంటి తాళంచెవి నా దగ్గరే ఉంది. పరిగెత్తినట్టే వెళ్ళాను, అరవై ఆరేళ్ళ ముసల్దాన్ని. అరలో పదకొండు దీపాలున్నాయి. ఒకటి తీసుకుని వచ్చి రొమానా చేతికివ్వబోతే, "మీరు పెట్టండి, మీ ద్వారానే" అంది. ఆ మాటలో వెటకారం ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలీదు.

తదేయ మీద పెట్టి వెలిగించాను. రొమానా దాన్ని తీసి పారెయ్యలేదు. రాతి మీద ఆకులు పేరుకుపోయి మంచుతో అంటుకుపోయి ఉన్నాయి. అవి గోళ్ళతో గీకి తీస్తూ కూచున్నాను, వాళ్ళిద్దరూ ఇంటికి వెళ్ళిపోయాక కూడా.

తర్వాత వారం పట్నం నుంచి కాగితం వచ్చింది. నిందితురాలు మరణించినందున ఫైలు మూసేశామని రాసి ఉంది. నూట పద్నాలుగోది పంపిస్తామంటే వద్దన్నాను. ఇప్పుడు బుధవారం, శనివారం సాయంత్రం ఆరింటికి శ్మశానానికి వెళ్తాను. ముందు ఫనిక తరఫున ఒకటి పెట్టి, తర్వాత రొమానాది తీసి, చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ చివరికి మోసుకుపోతాను. రొమానాకి తెలుసు. ఐదింటికి తన దీపం వెలిగించి, నేను వచ్చేలోగా వెళ్ళిపోతుంది.